కాలిన్స్ మూడు కారణాలు, డార్సీ ఒక ఉత్తరం

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక పల్లెటూరి ఇల్లు. ఉదయం టిఫిన్లు అయ్యాయి. చుట్టపుచూపుగా వచ్చిన పాతికేళ్ల పాస్టరు ఆ ఇంటి ఇల్లాలి అనుమతి తీసుకుని, రెండో అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలన్నాడు. విషయం తల్లికి ముందే తెలుసు. కుట్టుపని సర్దుకుని, పక్కనున్న ఇంకో కూతుర్ని లేవదీసుకుని మేడమీదకు బయల్దేరింది. తనూ లేవబోయిన ఎలిజబెత్‌ని మాత్రం కూర్చోమని గదమాయించింది.

పాస్టరు పేరు కాలిన్స్. "నా భావావేశంలో నేను కొట్టుకుపోయే లోపు, పెళ్లి ఎందుకు చేసుకుంటున్నానో కారణాలు చెప్పేస్తాను" అని మొదలుపెట్టాడు. ఈ మనిషికి భావావేశమా అని ఎలిజబెత్‌కి నవ్వు ముంచుకొచ్చింది. దాన్ని ఆపుకునే అవస్థలో, ఆయన ఊపిరి తీసుకున్న కాస్త సందులో అడ్డుపడే అవకాశం కూడా చేజారింది. ఇక కారణాలు వరసగా వచ్చిపడ్డాయి. ఒకటి, ఇబ్బంది లేకుండా బతుకుతున్న పాస్టరు పెళ్లి చేసుకుని తన పారిష్‌కి ఆదర్శంగా నిలవాలి. రెండు, దానివల్ల తన సుఖం బాగా పెరుగుతుంది. మూడు, 'నిజానికి ఇది ముందే చెప్పాల్సింది', తనకు ఉద్యోగం ఇచ్చిన లేడీ కేథరిన్ అనే గొప్పావిడ పేకాట మధ్యలో పెళ్లి చేసుకోమని సలహా ఇచ్చింది. ఆ తర్వాత ఆస్తి లెక్క. ఈ ఇంటికి మగపిల్లలు లేరు. ఏడాదికి 2,000 పౌండ్లు తెచ్చే ఈ ఎస్టేటు తండ్రి తర్వాత కాలిన్స్‌కే వస్తుంది. కాబట్టి ఈ ఇంటి అమ్మాయినే చేసుకుంటే వీళ్లకి నష్టం తగ్గుతుంది. అమ్మాయికి వచ్చేది నాలుగు శాతం వడ్డీకి పెట్టిన 1,000 పౌండ్లే, అదీ తల్లి పోయాక. ఆ మాట ఎత్తి పెళ్లయ్యాక తను ఎన్నడూ దెప్పడు!

జేన్ ఆస్టెన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో 19వ అధ్యాయం ఇది. నవ్వించే సీన్ అని అందరూ గుర్తుపెట్టుకుంటారు. కానీ ఒకసారి నవ్వు పక్కనపెట్టి చూడండి, కాలిన్స్ చెప్పినదాంట్లో తప్పు లెక్క ఒక్కటీ లేదు. ఆస్తి విషయం నిజం. డబ్బు విషయం నిజం. మరి ఎందుకు ఒప్పించలేకపోయాడు?

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. ఎదుటివాళ్లని మాటతో ఒప్పించడానికి మూడు దారులున్నాయన్నాడు. లోగోస్ అంటే లెక్క చూపించడం, కారణం చెప్పడం. పేథోస్ అంటే వినేవాళ్ల మనసు కదిలించడం. ఈథోస్ అంటే 'ఈ మనిషి మాట నమ్మొచ్చు' అనిపించుకోవడం. ఇంగ్లీషు సాహిత్యం పరీక్షల్లో ఒక పేరా ఇచ్చి ఈ మూడూ ఎక్కడున్నాయో గుర్తుపట్టమంటారు. అండర్‌లైన్ చేస్తే మార్కులు పడతాయి. కానీ అండర్‌లైన్ చేసినంత మాత్రాన, అదే మాట ఒకరి దగ్గర పనిచేసి ఇంకొకరి దగ్గర ఎందుకు తుస్సుమంటుందో తెలియదు. అరిస్టాటిలే ఇంకో మాట కూడా అన్నాడు. ఏ ప్రసంగంలోనైనా ముగ్గురుంటారట: మాట్లాడేవాడు, మాట్లాడే విషయం, వినేవాడు. అసలు గమ్యం మాత్రం వినేవాడే. నోట్సుల్లో ఈ వాక్యం కనిపించడం తక్కువ. ఆస్టెన్ నవల మొత్తం దీని మీదే నడుస్తుందని నాకనిపిస్తుంది.

కాలిన్స్‌కి వినేవాళ్లే కనబడరు. ఎలిజబెత్ వద్దంది. మర్యాద తెలిసిన అమ్మాయిలు మొదట వద్దనే అంటారులే అన్నాడు. ఆమె మళ్లీ వద్దంది. "మీకింకో సంబంధం వస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు" అని భయపెట్టాడు. (ఈ వాక్యం మన ఇళ్లలో ఎన్ని పెళ్లిచూపుల తర్వాత వినబడిందో లెక్కలేదు.) చివరికి ఆమె, నన్ను మిమ్మల్ని ఊరించే సొగసరిగా చూడకండి, మనసులో ఉన్న నిజం చెబుతున్న ఆలోచన ఉన్న మనిషిగా చూడండి అని అడగాల్సి వచ్చింది. అప్పటికీ ఆయనకి ఎక్కలేదు.

తమాషా ఏమిటంటే, ఇదే కాలిన్స్ మూడు రోజులు తిరక్కముందే ఎలిజబెత్ స్నేహితురాలు షార్లట్‌ని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. కాలిన్స్ ఏమీ మారలేదు, ఆయన జీతం మారలేదు, ఆయన మాట తీరు అంతకన్నా మారలేదు. షార్లట్‌కి 27 ఏళ్లు, చేతిలో చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. "నాకు కలలేమీ లేవు, సుఖంగా బతకడానికి ఒక ఇల్లు చాలు" అని తనే చెప్పుకుంది. ఎలిజబెత్‌కి అవమానంగా తోచిన లెక్కే షార్లట్‌కి ఆసరాగా కనిపించింది. ఆస్టెన్ షార్లట్‌ని ఎగతాళి చేయదు, ఆమె బతుకుని చక్కదిద్దినట్టూ చూపించదు. ఒకే లోగోస్‌ని ఇద్దరు ఆడవాళ్ల ముందు పెట్టి ఏమవుతుందో చూపించి ఊరుకుంటుంది.

పేథోస్ సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే నవలలో దాని ప్రతినిధి ఎలిజబెత్ తల్లి మిసెస్ బెన్నెట్. నా నరాలు, నా నరాలు అని ఆవిడ గోల. భర్త జవాబు: "నీ నరాలంటే నాకు ఎంతో గౌరవం. పాత స్నేహితులు. 20 ఏళ్లుగా వాటి గురించి వింటూనే ఉన్నాను." రోజూ ఏడ్చేవాళ్ల ఏడుపు ఎవరికీ పట్టదు. నిజానికి ఆవిడ భయం ఉత్తది కాదు. భర్త కన్నుమూస్తే ఐదుగురు కూతుళ్లతో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఇంట్లో అందరికంటే స్పష్టంగా ప్రమాదాన్ని చూసిన మనిషి ఆవిడే. అయినా ఆవిడ మాటకి విలువ లేదు.

అసలు నేర్పరి విక్‌హమ్. 16వ అధ్యాయం నెమ్మదిగా చదివితే ఒక మోసగాడి వర్క్‌షాపు చూసినట్టుంటుంది. మిలిటరీ బృందంలో కొత్తగా చేరిన అందమైన కుర్రాడు. ఎలిజబెత్ పిన్నిగారింట్లో పేకాట నడుస్తోంది. పక్కన కూర్చున్నాడు. నేరుగా డార్సీ గురించి, ఆ చుట్టుపక్కలకి వచ్చి ఉంటున్న ఓ గొప్పింటి మనిషి గురించి, ఎత్తడు. డార్సీ దిగిన నెదర్‌ఫీల్డ్ భవనం ఇక్కడికి ఎంత దూరం అని అడుగుతాడు. కాసేపు తటపటాయించి, డార్సీ వచ్చి ఎన్నాళ్లయింది అంటాడు. ఎలిజబెత్ తనంతట తనే, "నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాను, ఆయన నాకు అస్సలు నచ్చలేదు" అని చెప్పేస్తుంది. "నేను అభిప్రాయం చెప్పకూడదు, నిష్పక్షపాతంగా ఉండలేను" అని విక్‌హమ్ వెనక్కి తగ్గుతాడు. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, ఈ చుట్టుపక్కల ఆయన గర్వం అంటే అందరికీ రోత అంటుంది. అప్పుడు, అప్పుడే, కథ బయటికి వస్తుంది: డార్సీ తండ్రి తనకి చర్చి ఉద్యోగం ఇమ్మని వీలునామాలో రాశాడు, కొడుకు అసూయతో దాన్ని లాగేసుకున్నాడు.

గమనించారా, నేల ఎక్కడ తడిగా ఉందో చూసుకుని విత్తనం వేశాడు. ఆమె అంతకుముందే ఏం నమ్మిందో దాన్నే ఆమెకి తిరిగి అమ్మాడు. డార్సీ ఒక డాన్సు పార్టీలో ఆమె వినేలా, ఆమె అందం తనని కదిలించేంత లేదన్నాడు. ఆ దెబ్బ ఇంకా మానలేదు. తన మనసు తప్పేమీ చేయలేదని చెప్పే సాక్షి ఎదురుగా వచ్చి కూర్చుంటే ఎవరికి ఇష్టం ఉండదు? పైగా "ఆయన తండ్రిని మర్చిపోలేను కాబట్టి ఆయన్ని ఎన్నడూ బయటపెట్టను" అని అదే నోటితో అంటాడు, అప్పుడే అన్నీ బయటపెడుతూ. మర్నాడు అక్క జేన్ కాస్త అనుమానపడితే ఎలిజబెత్ ఇచ్చిన రుజువు ఏమిటో తెలుసా? ఆయన చూపుల్లో నిజం ఉంది.

ఈథోస్ అంటే సరిగ్గా ఇదే, చూపుల్లో నిజం కనబడటం. ఈ నవల మొదటి రూపానికి ఆస్టెన్ పెట్టిన పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్'. 1796లో మొదలుపెట్టి 1797లో ముగించింది. తండ్రి ఒక పబ్లిషర్‌కి రాస్తే, తిరుగుటపాలో వద్దన్నారు. తిరిగి రాసిన పుస్తకం 1813 జనవరి 28న మూడు సంపుటాలుగా వచ్చింది, అట్ట మీద రచయిత్రి పేరు లేకుండా. కాపీరైటు 110 పౌండ్లకి అమ్మేసింది. పేరు మారినా లోపల విషయం అదే: తొలిచూపులో మనిషి మీద కలిగిన నమ్మకం ఎంత గట్టిగా అతుక్కుంటుందో, దాన్ని ఊడబెరకడం ఎంత కష్టమో.

ఇక్కడ ఆస్టెన్ మన మీద కూడా ఒక ఆట ఆడుతుంది. విక్‌హమ్ అధ్యాయమంతా ఎలిజబెత్ కళ్లలోంచే నడుస్తుంది. ఆమెకి చురుకైన నాలుక, మంచి తెలివి. మనకి నచ్చేసిన పిల్ల. ఆమె నమ్మితే మనమూ నమ్మేస్తాం. ఈ ఆటకి హెచ్చరిక మొదటి వాక్యంలోనే ఉంది. డబ్బున్న బ్రహ్మచారికి పెళ్లాం కావాల్సిందేనన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యం అని ప్రకటిస్తుంది. సిద్ధాంత గ్రంథంలోలా గంభీరంగా ఉంటుంది. రెండో వాక్యానికొచ్చేసరికి లోకం కాస్తా ఇరుగుపొరుగు కుటుంబాలుగా కుంచించుకుపోతుంది. ఆ పెద్దమనిషి మనసులో ఏముందో ఎవరికీ తెలియకపోయినా, అప్పుడే తమ కూతుళ్లలో ఎవరో ఒకరి ఆస్తిగా జమకట్టేశారట. ఎవరికి ఎవరు కావాలన్నది తలకిందులైంది. అయినా చాలామంది మొదటి వాక్యాన్ని కొటేషన్‌గా పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. వాట్సాప్‌లో ఆస్టెన్ ఆ ఒక్క వాక్యంతోనే తిరుగుతుంటుంది.

ఇప్పుడు డార్సీ. 34వ అధ్యాయంలో, కెంట్‌లో కాలిన్స్ ఇంట్లో ఎలిజబెత్ ఒంటరిగా ఉండగా వచ్చి, ఎంత పెనుగులాడినా లాభం లేకపోయింది, మిమ్మల్ని గాఢంగా ప్రేమిస్తున్నాను అంటాడు. పేథోస్‌కి ఇంతకంటే మంచి ఆరంభం ఉండదు. ఆ వెంటనే ఆమె కుటుంబం ఎంత తక్కువదో, ఈ పెళ్లి తనకి ఎంత చిన్నతనమో వివరించడం మొదలుపెడతాడు. ఆందోళనగా ఉందని నోటితో అంటాడు, మొహంలో మాత్రం 'ఎందుకు కాదంటుంది' అన్న ధీమా. నమ్మకం కలిగించాలంటే మాట్లాడేవాడిలో మూడు కనబడాలని అరిస్టాటిల్ అన్నాడు: వివేకం, మంచి నడత, వినేవాళ్ల మేలు కోరే మనసు. డార్సీకి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది ఆ గదిలోకి తీసుకురాలేదు. నీ స్నేహితుడితో అక్క జేన్ పెళ్లి చెడగొట్టావు, విక్‌హమ్ బతుకు పాడుచేశావు అని ఎలిజబెత్ నిలదీసింది. మీరు ఇంకాస్త పెద్దమనిషి తరహాలో అడిగివుంటే కాదనడానికి నాకు కాస్త బాధ ఉండేది, ఆ అవసరం లేకుండా చేశారు అంది. ఏడాదికి 10,000 పౌండ్లు వచ్చే మనిషికి 'పెద్దమనిషి తరహా' నేర్పింది. ఆ ఒక్క మాట తనని ఎంత కాల్చిందో నెలల తర్వాత అతనే చెప్పుకుంటాడు.

మర్నాడు పొద్దున ఆమె నడకకి వెళ్తే దారిలో కనబడి ఒక ఉత్తరం చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. రెండు కాగితాల నిండా ఒత్తుగా రాసి, చాలక కవరు లోపల కూడా నింపాడు. నవలలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే.

మొదటి వాక్యంలోనే, కంగారుపడకండి, రాత్రి మీకు అసహ్యం పుట్టించిన ఆ ప్రస్తావన ఇందులో లేదు అంటాడు. అంటే అడగడానికి ఏమీ లేదని ముందే చెప్పేశాడు. పేథోస్‌ని గుమ్మం బయటే వదిలేశాడు. మీ న్యాయబుద్ధిని నమ్మి చదవమని అడుగుతున్నాను అంటాడు. తర్వాత రెండు నేరారోపణలకి విడివిడిగా జవాబు. విక్‌హమ్ గురించి రాసిన భాగంలో విశేషణాలకంటే అంకెలు, ఘటనలు ముందుంటాయి. తండ్రి విక్‌హమ్‌కి 1,000 పౌండ్లు రాసిచ్చాడు. చర్చి ఉద్యోగం నాకొద్దు అని విక్‌హమే వదులుకుని, బదులుగా 3,000 పౌండ్లు పుచ్చుకున్నాడు. మూడేళ్ల తర్వాత ఆ డబ్బు అయిపోయాక, అదే ఉద్యోగం మళ్లీ అడిగాడు. ఇవ్వలేదు. ఆ తర్వాత రామ్స్‌గేట్‌లో 15 ఏళ్ల జార్జియానాని, డార్సీ చెల్లెల్ని, లేచిపోవడానికి ఒప్పించాడు. ఆ పిల్ల పేరున 30,000 పౌండ్లున్నాయి. చివరి ఘడియలో ఆమే అన్నకి చెప్పేయడంతో ఆగింది.

ఇంటి పరువు ఇది. కలెక్టరేట్‌లో అర్జీలాగా వివరాలు పెడుతూ, తన చెల్లెలి విషయాన్ని తనని ఛీకొట్టిన మనిషి చేతిలో పెట్టాడు. చివర్లో, నా మాట నమ్మలేకపోతే మా బంధువు కల్నల్ ఫిట్జ్‌విలియమ్‌ని అడగండి, ఆయనకి అన్నీ తెలుసు అంటాడు. ఆ కల్నల్ అదే ఊళ్లో ఉన్నాడు. అందుకే ఉత్తరం పొద్దున్నే చేరాలని తొందరపడ్డాడు, ఆమె అడగాలనుకుంటే సమయం ఉండాలని.

అరిస్టాటిల్ పుస్తకంలో ఈ మూడు దారులకి బయట ఇంకో గది ఉంది. సాక్షులు, ఒప్పందాలు, చట్టాలు, ప్రమాణాల్లాంటివి. ఇవి మాట్లాడేవాడి నేర్పుతో పుట్టవు, ముందే ఉంటాయి, తెచ్చి వాడుకోవడమే. డార్సీ ఉత్తరం బలమంతా ఈ గదిలోంచి వచ్చింది. విక్‌హమ్ దగ్గర ఉన్నది చూపులు. డార్సీ దగ్గర ఉన్నది సాక్షి.

అయినా మొదటిసారి చదివినప్పుడు ఉత్తరం పనిచేయలేదు. ఇది ఆస్టెన్ గొప్పతనం. ఎలిజబెత్ అబద్ధం, పచ్చి అబద్ధం అనుకుంది, మడిచి పెట్టేసింది, ఇక చూడనంది. అర నిమిషంలో మళ్లీ విప్పింది. తర్వాత దాదాపు రెండు గంటలు ఆ బాట మీద తిరుగుతూ ఒక్కో వాక్యాన్నీ తూచింది. వీలునామా దాకా ఇద్దరి కథా ఒకటే. అక్కడి నుంచి విడిపోయింది. రెండు పక్కలా ఉన్నది ఉత్త మాటే. అప్పుడు విక్‌హమ్ చేసిన ఒక్క మంచి పని గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఊరంతా మెచ్చుకోవడం తప్ప ఏమీ దొరకలేదు. కొత్తగా పరిచయమైన అమ్మాయికి ఇంత ఇంటి గుట్టు విప్పడమేమిటన్నది అప్పుడు తట్టింది. డార్సీ అంటే భయమా, నాకెందుకు అని డాంబికాలు పలికినవాడు ఆ తర్వాతి వారమే డార్సీ ఉండే డాన్సుకి రాకుండా తప్పించుకున్నాడు. కల్నల్‌ని అడుగుదామా అనుకుంది. అడగడం ఇబ్బంది అనిపించింది. అంతలో ఇంకో ఆలోచన: కల్నల్ అవునంటాడన్న భరోసా లేకుండా డార్సీ ఆ పేరు రాయగలడా? సాక్షిని బోను ఎక్కించకుండానే సాక్ష్యం పనిచేసింది.

"ఈ క్షణం దాకా నన్ను నేనే ఎరగను" అని ఆమె అనుకునేది ఇక్కడే. జేన్‌కి తన స్నేహితుడి మీద ప్రేమ ఉన్నట్టు కనబడలేదని, అందుకే అడ్డుపడ్డానని రాసిన భాగంలో డార్సీ తీరు ఇంకా గర్వంగానే ఉంది, దాన్ని ఆమె వెంటనే క్షమించలేదు కూడా. కానీ జేన్ తన మనసు బయటికి చూపించదని షార్లట్ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి, అక్కడా కొంత సర్దుకుంది. ఒప్పించింది ఉత్తరమా, ఆమె జ్ఞాపకమా అంటే నేను జ్ఞాపకమే అంటాను. ఉత్తరం ఆమె చేతికి పని అప్పజెప్పింది. కాలిన్స్ ఆమె 'కాదు'ని కూడా తనే అనువదించుకున్నాడు, విక్‌హమ్ ఆమె ఆలోచించే పనిని తనే చేసిపెట్టాడు.

సాక్ష్యాల కథకి కొనసాగింపు డెర్బీషైర్‌లో, డార్సీ సొంత భవనం పెంబర్లీలో వస్తుంది. ఇల్లు చూపించే ముసలి మేనేజర్, మిసెస్ రేనల్డ్స్, నాలుగేళ్ల వయసు నుంచి డార్సీని ఎరుగుదును, ఒక్కనాడూ కసిరి మాట్లాడలేదు అంటుంది. ఆవిడకి ఎలిజబెత్ ఎవరో తెలియదు. ఆమెని మెప్పించి లాభమూ లేదు. అలాంటి మాటకుండే బరువు వేరు.

ఇక లేడీ కేథరిన్. నాలుగు గుర్రాల బండిలో చెప్పాపెట్టకుండా దిగి, తోటలోకి తీసుకెళ్లి, మా సోదరి కొడుకు డార్సీతో నీ పెళ్లి అంటున్నారు, అబద్ధమని చెప్పు అంటుంది. మనవాళ్లు సామ దాన భేద దండాలన్నారు, వరస కూడా అదే. ఈవిడ దండంతో మొదలుపెట్టి అక్కడే ఉండిపోయింది. నా నిజాయితీకి లోకంలో పేరుంది అని తన ఈథోస్‌ని తనే టముకు వేసుకుంది. గౌరవం, మర్యాద, వివేకం, చివరికి స్వలాభం కూడా ఈ పెళ్లి వద్దంటున్నాయంది. ఎలిజబెత్ ఒక చిన్న ప్రశ్న వేసింది: జరగదని మీకంత నమ్మకముంటే ఇంత దూరం శ్రమపడి ఎందుకొచ్చారు? లాయర్లు అడగాల్సిన ప్రశ్న. ఆయన పెద్దమనిషి, నేను పెద్దమనిషి కూతుర్ని, అంతవరకు ఇద్దరం సమానమే అంది. మరి మీ అమ్మ ఎవరు అని ఆవిడ ఎదురడిగింది. చివరికి, ఆయన్ని చేసుకోనని మాటివ్వు అంది. ఇవ్వను అంది ఎలిజబెత్.

ఆవిడ చేసిన ఘనకార్యం తర్వాత వచ్చింది. నేరుగా లండన్ వెళ్లి, ఎలిజబెత్ అన్న ప్రతి మాటా డార్సీకి అప్పజెప్పింది, ఆ పిల్ల పొగరు వింటే వీడు చీదరించుకుంటాడని. డార్సీ విన్నది వేరు. నేనంటే పూర్తిగా కిట్టకపోతే ఎలిజబెత్ ఆ మాట ఆవిడ మొహానే చెప్పేసి ఉండేది అనుకున్నాడు. అంతకుముందు తనని ఎంత ముక్కుసూటిగా తిట్టిందో తెలుసు కదా. ఆ తిట్లే ఇప్పుడు ఆమె మాటకి హామీ అయ్యాయి. లేడీ కేథరిన్ మోసుకొచ్చిన రుజువు తనకి ఆశ పుట్టించిందని అతనే ఒప్పుకుంటాడు.

ఇద్దరూ రాజీపడ్డాక నడుస్తూ మాట్లాడుకుంటుంటే ఉత్తరం సంగతి వస్తుంది. దాన్ని కాల్చేశారనుకుంటాను, ముఖ్యంగా మొదటి భాగం మీరు మళ్లీ చదువుతారంటేనే నాకు భయం అంటాడు డార్సీ. రాసేటప్పుడు చాలా ప్రశాంతంగా, చల్లగా ఉన్నానని నమ్మాను, ఎంత చేదుతో రాశానో తర్వాత తెలిసింది అంటాడు. చేదుతో మొదలై ఉండొచ్చు, కానీ అలా ముగియలేదు అంటుంది ఎలిజబెత్. ఆ ఉత్తరంలో చివరి వాక్యం "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి". ఆమెకి గుర్తున్నది అదే.